జీతం తెచ్చే పదిహేడేళ్ల కొడుకు డిపెండెంట్ అవుతాడా? డాలస్ దగ్గర ఒక కేసు

2024 ఏప్రిల్ 5, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. ట్యాక్స్ గడువుకు పది రోజులుంది. డాలస్ ఉత్తర శివార్లలో ఉండే ఒక తెలుగాయన ఫోన్ చేశారు.

"మేడమ్, మా వాడి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఎవరో వాడేశారండీ. నా రిటర్న్ రెండుసార్లు రిజెక్ట్ అయింది. పోలీస్ రిపోర్ట్ ఇవ్వాలంటారా?"

మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నారు. అప్పటికే క్రెడిట్ బ్యూరోల వెబ్‌సైట్లు తెరిచి కూర్చున్నారట. "అబ్బాయి ఎక్కడైనా పని చేస్తున్నాడా అండీ?" అని అడిగాను. ఇంటి దగ్గర పిజ్జా షాపులో చేస్తున్నాడన్నారు. "మరి తన ట్యాక్స్ తనే ఫైల్ చేసుకున్నాడేమో కనుక్కోండి" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత మేడ మీదికి ఒక కేక వినిపించింది.

అబ్బాయి ఫిబ్రవరిలోనే ఫైల్ చేశాడు. ఫోన్‌లో ఒక ఉచిత యాప్ పెట్టుకుని ఇరవై నిమిషాల్లో ముగించాడు. 512 డాలర్ల రిఫండ్ కూడా తన ఖాతాలో పడిపోయింది. నాన్న రిటర్న్‌లో వాడు డిపెండెంట్, అంటే ఆయన పోషణలో ఉన్న మనిషి. వాడి రిటర్న్‌లో ఎవరికీ డిపెండెంట్ కాడు. అందుకే నాన్నది రిజెక్ట్ అయింది. నాన్నకు చెప్పాల్సిన విషయమని వాడికి తోచలేదు. పిల్లాడిని అడగాలని నాన్నకూ తోచలేదు.

నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ముందు జనం తరఫున పనిచేసే అనుమతి ఉన్నదాన్ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. పిల్లలు హైస్కూల్లోకి వచ్చి చిన్న ఉద్యోగాలు మొదలుపెట్టిన ఇళ్లలో దాదాపు ప్రతి ఏడాదీ ఇదే గొడవ చూస్తాను. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెలు కొంచెం సవరించాను. లెక్క చేసిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

ఇంట్లో నలుగురు. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 2023లో జీతం లక్షా 28 వేల డాలర్లు. అమ్మ స్కూల్లో పార్ట్‌టైమ్ చేస్తుంది, 22 వేలు. పన్నెండేళ్ల కూతురు. కొడుకు 2006 అక్టోబర్‌లో ఇక్కడే పుట్టాడు, అంటే అమెరికన్ పౌరుడే. ఏడాదంతా వారాంతాల్లో, వేసవిలో మరికొన్ని గంటలు పనిచేసి 9,840 డాలర్లు సంపాదించాడు. (హెచ్-4 మీద ఉన్న పిల్లల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు పని చేసే అనుమతే ఉండదు. గ్యాస్ స్టేషన్‌లో సరదాగా నాలుగు గంటలు చేసి క్యాష్ తీసుకున్నా అది ఇమిగ్రేషన్ సమస్య అవుతుంది. ఈ కథ చదివి వాళ్లను పనిలోకి పంపకండి.)

మర్నాడు ఉదయం తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. నాన్న రాత్రంతా చదివి, స్నేహితులను అడిగి, కొత్త భయం ఒకటి వెంట తెచ్చుకున్నారు. "వీడు తొమ్మిదివేల చిల్లర సంపాదించాడండీ. లిమిట్ 4,700 అంట కదా. నేను వీణ్ని పెట్టుకోవడమే తప్పేమో. పోనీ వీడి పేరు తీసేసి పంపేద్దామా?"

ఈ 4,700 లెక్క మన వాళ్లలో ఎంత తిరుగుతుందో చెప్పలేను. అంకె నిజమే. 2023కి అది 4,700, 2024కి 5,050, 2025కి 5,200. కానీ అది వర్తించేది చట్టం 'క్వాలిఫైయింగ్ రెలెటివ్' అని పిలిచే రెండో రకం డిపెండెంట్లకు. గ్రీన్‌కార్డు మీద వచ్చి మీ దగ్గర ఉంటున్న అమ్మమ్మ ఆ కోవలోకి రావచ్చు. ఆవిడకు ఆ అంకె దాటి పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం ఉంటే మీరు ఆవిడను చూపలేరు. కన్నబిడ్డ, వయసు దాటనంత వరకు, 'క్వాలిఫైయింగ్ చైల్డ్' అనే మొదటి రకంలోకి వస్తాడు. ఆ రకంలో పిల్లాడు ఎంత సంపాదించాడన్న పరీక్షే లేదు. నాలుగువేలు తెచ్చినా, నలభైవేలు తెచ్చినా ఆ ఒక్క కారణంతో డిపెండెంట్ హోదా పోదు.

మరి ఏం చూస్తారు? మీ బిడ్డో, తమ్ముడో, మనవడో అయి ఉండాలి. డిసెంబర్ 31 నాటికి 19 నిండకూడదు, ఏడాదిలో ఐదు నెలలైనా ఫుల్‌టైమ్ చదువులో ఉంటే 24 నిండకూడదు. ఏడాదిలో సగానికి మించి మీ ఇంట్లో ఉండాలి. కాలేజీ హాస్టల్లో ఉన్నా అది తాత్కాలికంగా దూరంగా ఉండటమే, ఇంట్లో ఉన్నట్టే లెక్క. పెళ్లయి, భర్తతోనో భార్యతోనో కలిసి జాయింట్ రిటర్న్ వేసి ఉండకూడదు. ఈ అబ్బాయి విషయంలో ఇవేవీ చర్చకు రావు. మిగిలింది ఒక్కటే, అసలు పని అక్కడే ఉంది: పిల్లాడు తన పోషణ ఖర్చులో సగానికి మించి తనే పెట్టుకుని ఉండకూడదు.

ఈ వాక్యాన్ని చాలామంది తలకిందులుగా చదువుతారు. 'తల్లిదండ్రులు సగానికి మించి పెట్టారా' అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తాతగారు పెట్టినా, స్కూల్ ఫీజు మరెవరో కట్టినా ఇబ్బంది లేదు. పిల్లాడి సొంత డబ్బు సగం దాటిందా లేదా, అంతే. ఇంకో మాట: సంపాదించింది కాదు, తన కోసం ఖర్చు పెట్టుకున్నది లెక్క. బ్యాంకులో దాచుకున్న జీతం ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడే అబ్బాయి నోరు విప్పాడు. "ఆంటీ, నేను కారు కొనుక్కున్నాను."

నాన్న "అది పాత కారేలెండి" అని తేలిగ్గా తీసేయబోయారు కానీ నేను పెన్ను తీశాను. ఎందుకంటే ఐఆర్ఎస్ వాళ్ల పబ్లికేషన్ 501లో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఉంది. పదిహేడేళ్ల పిల్లాడు సొంత డబ్బుతో 4,500 డాలర్ల కారు కొనుక్కుంటాడు, మిగతా పోషణకు తల్లిదండ్రులు 4,000 పెడతారు. కారు వాడిదే కాబట్టి ఆ 4,500 వాడు తన కోసం పెట్టుకున్న ఖర్చు. మొత్తం 8,500లో సగం దాటింది. వాడు డిపెండెంట్ కాడు. ఒక్క కారు కొనుగోలుతో ఫలితం మారిపోతుందని ఐఆర్ఎస్సే చెబుతోంది. పైగా మన అబ్బాయి కారు 6,200. టైటిల్ కూడా వాడి పేరు మీదే.

కాబట్టి కూర్చుని లెక్క వేశాం. దానికి పబ్లికేషన్ 501లోనే ఒక వర్క్‌షీట్ ఉంటుంది. నాన్న వెంటనే మార్ట్‌గేజ్ ఎంతో, ప్రాపర్టీ ట్యాక్స్ ఎంతో చెప్పడం మొదలుపెట్టారు. టెక్సస్‌లో ఆ ప్రాపర్టీ ట్యాక్స్ ఎంత బరువో నాకూ తెలుసు. కానీ సొంత ఇల్లైతే అవి రాయకూడదు. ఆ ఇంటిని బయటివాళ్లకు అద్దెకిస్తే ఎంత వస్తుందో అదే ఇంటి ఖర్చు. వాళ్ల వీధిలో అలాంటి ఇళ్లకు నెలకు 2,900 నడుస్తోంది. ఏడాదికి 34,800, నలుగురికి పంచితే అబ్బాయి వాటా 8,700. అలాగే కిరాణా, కూరగాయలు ఏడాదికి 12,000, వాడి వాటా 3,000. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 4,800, వాటా 1,200.

ఇవి కాక అచ్చంగా వాడి మీద పెట్టినవి ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్‌లో వాడి భాగం 2,400. పళ్లకు క్లిప్పులు, డాక్టర్ ఖర్చులు 1,100. ఎస్ఏటీ కోచింగ్ 1,400. బట్టలు 600. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్లొచ్చారు, వాడి టికెట్ 1,750. ఫోన్ బిల్లు 480. కారు ఇన్సూరెన్స్ ఫ్యామిలీ పాలసీలో కలిపారు, వాడి వల్ల పెరిగింది 1,900. హైదరాబాద్ టికెట్ రాయమంటే నాన్న ఆశ్చర్యపోయారు. ప్రయాణం, వినోదం కూడా పోషణ కిందే వస్తాయి. మొత్తం కలిపితే తల్లిదండ్రులు పెట్టింది 22,530 డాలర్లు.

అబ్బాయి వైపు కారు 6,200, పెట్రోలు 700, స్నేహితులతో తిండి, బూట్లు, సినిమాలు 900. మొత్తం 7,800. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కోసిన 753 డాలర్లు, ఫెడరల్ ట్యాక్స్ కింద కోసిన 512 ఇందులో రావు. పోషణ లెక్కలో పన్నులను చేర్చరు. చేతికొచ్చిన 8,575లో మిగిలిన 775 బ్యాంకులో ఉంది, అదీ లెక్కలో లేదు.

రెండూ కలిపితే 30,330. సగం అంటే 15,165. అబ్బాయి పెట్టుకున్నది 7,800, నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. సగానికి చాలా దూరం. డిపెండెంటే.

ఈ లెక్క మేం ఎక్సెల్‌లో పెట్టి, అద్దెల ప్రకటనల ప్రింట్లు, కారు రసీదు, ఇన్సూరెన్స్ కాగితం జతచేసి ఫైల్లో ఉంచాం. రిటర్న్‌తో పంపక్కర్లేదు. ఎప్పుడైనా అడిగితే చూపించడానికి. కారు కొన్న ఏడాది ఈ పని తప్పకుండా చేయాలన్నది నా పట్టుదల. ఇల్లు, తిండి వాటా ఎక్కువ కాబట్టి ఇక్కడ తేలిగ్గా గట్టెక్కాం. చిన్న అపార్ట్‌మెంట్‌లో తక్కువ అద్దెకు ఉండే కుటుంబంలో పిల్లాడు రెండేళ్లుగా దాచుకున్న డబ్బంతా పెట్టి 16 వేల కారు కొంటే తీర్పు మరోలా ఉండేది.

ఇక అబ్బాయి రిటర్న్. యాప్ ఒక ప్రశ్న అడిగింది: మిమ్మల్ని ఎవరైనా డిపెండెంట్‌గా క్లెయిమ్ చేయగలరా? వాడు 'లేదు' నొక్కాడు, దాంతో రిటర్న్‌లో ఆ పెట్టె ఖాళీగా ఉండిపోయింది. ఎందుకని అడిగితే వాడి జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేను పని చేస్తున్నా కదా ఆంటీ. కారు, గ్యాస్ నేనే పే చేసుకుంటున్నా. నేను ఎవరి మీదా డిపెండ్ అవ్వట్లేదు." అందులో మోసం లేదు, నిర్లక్ష్యం అంతకన్నా లేదు. పదిహేడేళ్లకే తన కాళ్ల మీద నిలబడుతున్నానన్న గర్వం అది. నాన్న కోప్పడబోతే ఆపాను. పిల్లాడు తన డబ్ల్యూ-2 (షాపు ఇచ్చిన ఏడాది జీతం కాగితం) తనే చదువుకుని, తన రిఫండ్ తనే తెచ్చుకున్నాడు. ఆ వయసులో అది మంచి పని.

కానీ ఆ ప్రశ్నకు వాడుక భాషలో అర్థం వెతకకూడదు. 'చేయగలరా' అని అడుగుతోంది, 'చేస్తున్నారా' అని కాదు. తల్లిదండ్రులకు ఆ హక్కు ఉంటే, వాళ్లు వాడుకున్నా లేకపోయినా, పిల్లాడు 'అవును' అనాలి.

వాడికి ఈ లెక్క కాగితం మీద చూపించాను. 2023లో డిపెండెంట్ కాని ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 13,850. డిపెండెంట్‌కైతే సంపాదించిన జీతానికి 400 కలిపినంత, కనీసం 1,250, గరిష్ఠం అదే 13,850. వాడి జీతం 9,840, నాలుగు వందలు కలిపితే 10,240. జీతం కంటే డిడక్షనే ఎక్కువ. అంటే డిపెండెంట్ అయినా పన్ను సున్నా, కాకపోయినా సున్నా. రిఫండ్ రెండు విధాలా 512. 'లేదు' నొక్కడం వల్ల వాడికి ఒక్క సెంటు కూడా అదనంగా రాలేదు. నాన్నకు మాత్రం 500 డాలర్ల క్రెడిట్ (పన్నులో నేరుగా తగ్గే మొత్తం) ఆగిపోయింది.

"ఐదొందలేనా? పోయినేడాది రెండువేలు వచ్చిందే!" అన్నారు నాన్న. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ డిసెంబర్ 31 నాటికి 17 నిండని పిల్లలకే. అబ్బాయికి అక్టోబర్‌లో 17 నిండాయి. అక్కడి నుంచి మిగిలేది ఇతర డిపెండెంట్ల కింద ఇచ్చే 500 క్రెడిట్. కూతురికి రెండువేలు వస్తాయి.

"వీడు ఫైల్ చేయకపోతే ఈ గొడవే ఉండేది కాదు కదా" అని కూడా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఆ జీతానికి ఫైల్ చేయాలన్న నిబంధన లేదు నిజమే, కానీ చేయకపోతే కోసుకున్న 512 తిరిగి రావు. సొంతంగా రిటర్న్ వేయడానికీ, డిపెండెంట్‌గా ఉండటానికీ పేచీ లేదు. రెండూ ఒకేసారి సాగుతాయి.

సరిదిద్దే పని ఇలా నడిచింది. ఏప్రిల్ 9న అబ్బాయి పేరు మీద 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) ఈ-ఫైల్ చేశాం. డిడక్షన్ 13,850 నుంచి 10,240కి తగ్గించి, 'నన్ను తల్లిదండ్రులు క్లెయిమ్ చేయవచ్చు, ఆ పెట్టె పొరపాటున ఖాళీగా వదిలాను' అని రెండు ముక్కల్లో కారణం రాశాం. కట్టాల్సింది లేదు, రావాల్సింది లేదు. సంతకం వాడిదే. మైనర్ అయినా తన రిటర్న్‌కు తనే బాధ్యుడు.

సవరించిన రిటర్న్ ప్రాసెస్ కావడానికి వారాల తరబడి పడుతుంది. అప్పటిదాకా ఈ-ఫైల్ వ్యవస్థ నాన్న రిటర్న్‌ను తిప్పికొడుతూనే ఉంటుంది. మా ముందు రెండు దారులున్నాయి. కొడుకు పేరు లేకుండా ఈ-ఫైల్ చేసి, తర్వాత సవరించి 500 అడగడం ఒకటి. కొడుకు పేరుతోనే కాగితం మీద పంపడం రెండోది. మొదటి దారిలో ఒక రిటర్న్ తప్పని తెలిసీ పంపాలి. అది నాకు నచ్చలేదు. పైగా వాళ్లకు రావాల్సింది రిఫండే, 1,340 డాలర్లు. ఆలస్యమైతే వేచి ఉండటం తప్ప పెనాల్టీ భయం లేదు. ప్రింట్ తీసి, భార్యాభర్తలిద్దరి చేతా సంతకాలు పెట్టించి, డబ్ల్యూ-2లు జతచేసి, ఏప్రిల్ 11న సర్టిఫైడ్ మెయిల్‌లో ఆస్టిన్ చిరునామాకు పంపాం. రసీదు నా ఫైల్లో ఉంది. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి పని అంతటితో సరి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే స్టేట్ రిటర్న్‌లు కూడా చూసుకోవాల్సి వచ్చేది.

తర్వాతి సీజన్ నుంచి ఈ విషయంలో ఒక వెసులుబాటు వచ్చింది. మరో రిటర్న్‌లో ఇప్పటికే క్లెయిమ్ అయిన డిపెండెంట్ ఉన్నా, ఆ రెండో రిటర్న్‌లో మొదటి పేరున్న వ్యక్తి (ప్రైమరీ ట్యాక్స్‌పేయర్) దగ్గర ఐపీ పిన్, అంటే గుర్తింపు దొంగతనం నుంచి కాపాడే నంబర్, ఉంటే 2025 నుంచి ఐఆర్ఎస్ ఈ-ఫైల్ తీసుకుంటోంది. ఆరు అంకెల ఆ పిన్‌ను ఐఆర్ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో ఎవరైనా తీసుకోవచ్చు. పని చేసే పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులను జనవరిలోనే తీసిపెట్టుకోమంటున్నాను. అయితే పిన్‌తో రిటర్న్ లోపలికి వెళ్తుందే తప్ప ఎవరిది హక్కో తేలదు. ఇద్దరూ సవరించకుండా కూర్చుంటే సీపీ 87ఏ అనే ఉత్తరం ఇద్దరికీ వస్తుంది. పిల్లాడి సవరణ ఎలాగూ తప్పదు.

ఆగస్టులో రిఫండ్ చెక్కు వచ్చింది, ఆలస్యానికి కొద్దిపాటి వడ్డీతో సహా. ఆ వడ్డీ మీద కూడా పన్ను ఉంటుంది, మరుసటి ఏడాది చూపించాం.

వాళ్లు నా ఆఫీసులో ఉన్న ఆ శనివారమే ఇంకో పని కూడా చేశాం. అబ్బాయి చేత షాపులో ఇవ్వాల్సిన కొత్త డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత పన్ను కోయాలో యజమానికి చెప్పే ఫారం) నింపించాను. పోయిన ఏడాది పన్ను సున్నా, ఈ ఏడాది కూడా సున్నానే ఉంటుందని అంచనా. అలాంటప్పుడు 'ఎగ్జెంప్ట్' అని రాయవచ్చు. అప్పుడు ఫెడరల్ ట్యాక్స్ కోయరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మాత్రం ఆగదు, తిరిగి రాదు. 'ఎగ్జెంప్ట్' అని రాసిన ఆ డబ్ల్యూ-4 మరుసటి ఏడాది ఫిబ్రవరి 15 దాకే చెల్లుతుంది, మళ్లీ ఇవ్వాలి. బ్యాంకులో ఉన్న 775 గురించి రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతా సంగతి చెప్పాను. వాడి కళ్లు మెరిశాయి, కానీ కొత్త టైర్లు కొనాలన్నాడు. బలవంతం చేయలేదు.

నాన్నకు మాత్రం కాలేజీ గురించి గట్టిగా చెప్పాను. 2025 ఆగస్టులో వీడు యూనివర్సిటీలో చేరతాడు. అప్పుడు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కింద ఏడాదికి 2,500 డాలర్ల దాకా రావచ్చు. జాయింట్‌గా ఫైల్ చేసే దంపతుల ఆదాయం లక్షా 60 వేలు దాటితే తగ్గడం మొదలై లక్షా 80 వేల దగ్గర ఆగిపోతుంది. వీళ్లు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. పిల్లాడిని డిపెండెంట్‌గా చూపిన ఏడాది ఆ క్రెడిట్ తల్లిదండ్రులదే, ఫీజు ఎవరు కట్టినా సరే. ఫిబ్రవరిలో ఖాళీగా వదిలేసిన ఆ చిన్న పెట్టెనే కాలేజీ ఏడాదిలో మళ్లీ వదిలేస్తే ఆగిపోయేది ఐదొందలు కాదు. స్కాలర్‌షిప్ వస్తే పోషణ లెక్క తారుమారవుతుందేమోనని ఆయన భయపడ్డారు. పూర్తికాలం చదివే బిడ్డకు వచ్చిన స్కాలర్‌షిప్‌ను వాడి సొంత ఖర్చుగా లెక్కించరు. చదువు కోసం వాడే తన పేరు మీద అప్పు తీసుకుని ఖర్చు పెడితే అది వాడి ఖర్చే. అది చూసుకోవాలి.

2025 జనవరి చివర్లో అబ్బాయి నుంచి మెసేజ్ వచ్చింది. 2024లో 11,300 సంపాదించాడు. డబ్ల్యూ-4 మార్చేలోపు కోసిన 140 డాలర్లు వెనక్కి తెచ్చుకోవాలట. ఈసారి సబ్‌మిట్ నొక్కేముందు ఆ పేజీ ఫోటో తీసి నాకూ, వాళ్ల నాన్నకూ పంపాడు. పెట్టెలో టిక్ ఉంది. కింద ఒక ప్రశ్న: "ఆంటీ, టైర్లకి 620 అయింది. సపోర్ట్ షీట్‌లో నా సైడే కదా?" నీ వైపే నాన్నా అని జవాబిచ్చాను. ఫిబ్రవరి రెండో వారంలో నాన్న రిటర్న్ మొదటిసారికే ఈ-ఫైల్‌లో వెళ్లింది.